ఉచ్చీరప్ప పట్టకారు చూపులు

ఆదోనిలో వడ్రంగం చేసే వడ్ల ఉచ్చీరప్ప ఎవరని అడిగితే, రంపం పళ్ళు వంచే పట్టకారు కొందామని అంగడికి పోయి పదేళ్ళయినా ఇంకా కొనని మనిషని చెబుతారు. ఆ పదేళ్ళలో ఆయన ఇద్దరు కూతుళ్ళకు పెళ్ళిళ్ళు చేశాడు. ఇంటికి రెండు గదులు పెంచాడు. బీడీలు మానేసి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ మానేశాడు. పట్టకారు ఒక్కటే తేలలేదు. ప్రతి మంగళవారం పొద్దున పది గంటలకు విఠల్ ఇనుప సామాన్ల అంగడి మెట్లెక్కడం, గోడకు వేలాడే పట్టకార్లను ఒక్కొక్కటే దించి చూడడం, నిట్టూర్చి మళ్ళీ తగిలించడం, "ఇంగా చూడాల సావుకారూ" అని దిగిపోవడం ఆయనకు ఒక వ్రతం. జ్వరం వచ్చినా ఆ వ్రతం తప్పలేదు. దుప్పటి కప్పుకుని వచ్చి మరీ చూసిపోయాడు.

అలాగని ఆయన ఏ సంగతీ తేల్చుకోలేని నాన్చుడు మనిషి అనుకుంటే పెద్ద పొరపాటు. కట్టెల అడితిలో దుంగ మీద వేలి కణుపుతో ఒక్కసారి తట్టి, "ఇది లోపల పుచ్చు" అనేవాడు. కోసి చూస్తే పుచ్చే. తలుపు బిగించాక చిటికెన వేలితో తోస్తే చప్పుడు లేకుండా మూసుకోవాలి. లేకపోతే ఇంటివాళ్ళు బాగుందని చేతులు పట్టుకున్నా వినకుండా తానే ఊడదీసి మళ్ళీ బిగించేవాడు. ఆ చేతులు ఒక్క మేకునైనా వంకరగా కొట్టడం ఎవరూ చూడలేదు. పెళ్ళిచూపులకు తుగ్గలి పోయినప్పుడు పిల్ల మజ్జిగ లోటా తెచ్చి ఇచ్చేలోపలే "నాకు సమ్మతమే" అని లేచి నిలబడ్డాడు. ఆ పిల్లే ఉరుకుందమ్మ.

"నన్ను తేల్చేదానికి లోటా మజ్జిగ తాగే సేపు గూడా పట్టలే. ఆ ఇనుప ముక్కకు పదేండ్లా?" అని ఆమె వీధిలో నలుగురు వింటుండగా నిలదీసేది.

"నిన్నూ సరిగ్గా చూసింటే పదేండ్లు పట్టిండేది లేవే" అనేవాడు ఉచ్చీరప్ప. ఆ పూట ఆయనకు మజ్జిగ కూడా దొరికేది కాదు.

రంపం గురించి తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. రంపం పళ్ళు నిటారుగా ఉంటే పని జరగదు. ఒక పన్ను కుడికి, తర్వాతి పన్ను ఎడమకు, మళ్ళీ కుడికి, ఇలా చివరిదాకా రవ్వంత వంచాలి. అప్పుడే కోసిన సందు రంపం రేకు కంటే కాస్త వెడల్పుగా ఉండి, రంపం ఆడుతుంది. వంపు తక్కువైతే రంపం చెక్కలో ఇరుక్కుని వడ్లాయన భుజం ఊడొస్తుంది. ఎక్కువైతే గీసిన గీత మీద నడవకుండా కల్లు తాగినవాడి మాదిరి అటూ ఇటూ పోతుంది. ఆ రోజుల్లో ఆదోని వడ్లవాళ్ళు తమ రంపాలకు పదును తామే పెట్టుకునేవారు గానీ, పళ్ళు వంచే పనికి మాత్రం ఎమ్మిగనూరు పంపేవారు. అక్కడ సువార్తమ్మ అనే ఆమె ఇనుప దిమ్మె మీద రంపం పరిచి, చిన్న సుత్తితో పన్నుకొక దెబ్బ చొప్పున వంచి ఇచ్చేది. ఆ దిమ్మె, ఆ సుత్తి, ఎమ్మిగనూరు ప్రయాణం ఏవీ లేకుండా, చేత్తో నొక్కితే చాలు పన్ను వంగేలా చేసే పట్టకారు ఒకటి బజారులోకి వచ్చింది. మన గొడవంతా దాని గురించే.

ఆ గొడవలో అందరికంటే ఎక్కువ నలిగినవాడు అంగడి సావుకారు విఠల్. ఆయన తాత గుళ్ళో అర్చకుడు, తండ్రి భీమరావు బడిపంతులు. ఆ వంశంలో ఇనుము అమ్మిన మొదటి మనిషి విఠలే. "మేకులు అమ్ముకునేదానికా నీకు అన్ని శ్లోకాలు నేర్పించినాను?" అని తండ్రి దెప్పినప్పుడల్లా, "చూస్తాండు నాయనా, ఈ ఊరికి కొత్త పనిముట్టు ఏది వచ్చినా నా అంగట్లో నుంచే రావాల" అనేవాడు. అందుకే 1973లో ఒక బొంబాయి కంపెనీ ఈ పట్టకార్ల ఏజెన్సీ ఇస్తానంటే ఎగిరి గంతేసి తీసుకున్నాడు. మూడు రకాలు తెప్పించి, నూనె గుడ్డతో తుడిచి, గల్లాపెట్టె వెనక గోడకు వరుసగా తగిలించాడు. ఊళ్ళో పేరున్న వడ్లాయన ఉచ్చీరప్ప కాబట్టి మొదట ఆయనకే కబురు పెట్టాడు.

మంగళవారం పది గంటలకు ఉచ్చీరప్ప వచ్చాడు. మొదటి పట్టకారును అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని నాలుగుసార్లు నొక్కాడు. కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించాడు. తర్వాత సంబంధం మాట్లాడడానికి వచ్చిన పెద్దమనిషిలా మొదలుపెట్టాడు.

"ఇది యా ఊరిది సావుకారూ?"

"బొంబాయి."

"ఆడ యా కట్టె కోస్తారు?"

"ఏ కట్టె అయితే ఏమప్పా? టేకు కోస్తారేమో."

"చూస్తివా! టేకు మర్యాదగల్ల కట్టె. మనది తుమ్మ. తుమ్మ తిరగబడ్తాది. దీనికి తుమ్మ సంగతి తెల్సునా?"

"పట్టకారుకు కట్టెతో ఏం పని? అది వంచేది రంపం పండ్లను గదా!"

"అట్లంటే ఎట్ల? తొందరపడొద్దు. ఇంగా చూడాల."

ఆ తర్వాత వారం వారం తీర్పులు వచ్చాయి. మొదటి రకాన్ని నొక్కి, "దీనికి కోపం ఎక్కువ సావుకారూ. పన్నును కరుస్తాది" అన్నాడు. రెండోదాన్ని నొక్కి, "ఇది మొగమాటం మనిషి. వంచల్లనా వద్దా అని ఆలోచిస్తాది" అన్నాడు. మూడోదాన్ని అరగంట నొక్కాడు, తిప్పాడు, వాసన చూశాడు. ఒక్కరోజు ఇంటికి తీసుకుపోయి చూస్తానని అడిగి పట్టుకుపోయాడు. మర్నాడు భద్రంగా తెచ్చి గోడకు తగిలించాడు.

"ఎట్లుండాది?" అన్నాడు విఠల్ ఆశగా.

"దీంట్లో ఒక్క తప్పు గూడా కనపడలే."

"అయితే ఇంకేం! కట్టివ్వాల్నా?"

"ఒక్క తప్పు గూడా కనపడని దాన్ని ఎట్ల నమ్మేది సావుకారూ? ఇంగా చూడాల."

ఉచ్చీరప్ప ఒక్కడు కొనకపోతే విఠల్‌కు పెద్ద బాధ ఉండేది కాదు. ఆయన కొనేవరకు ఊళ్ళో ఇంకెవరూ కొనరు, అదీ చిక్కు. దీనికి కారణం పట్టకార్లకు రెండేళ్ళ ముందు వచ్చిన ఇనుప చిత్రికలు. బళ్ళారి నుంచి ఒక వ్యాపారి వచ్చి, చెక్కను నున్నగా చేసే చిత్రికలను కొయ్యవి కాకుండా పోత ఇనుముతో చేసినవి చూపించాడు. తళతళమంటున్నాయి. వడ్లవాళ్ళంతా ఎగబడ్డారు. ఉచ్చీరప్ప మాత్రం ఒక్క చూపు చూసి, "కింద పడితే పగుల్తాది, వద్దు" అన్నాడు. కింద ఎవరు పడేస్తారని అందరూ నవ్వారు. రెండు నెలల్లో అందరూ పడేశారు. గోవిందన్న చిత్రిక అయితే మూడు ముక్కలయింది, ఆ ముక్కలను చాలాకాలం తలుపులకు అడ్డం పెట్టుకున్నాడు. అప్పటినుంచి పనిముట్ల విషయంలో ఉచ్చీరప్ప మాట ఆదోనిలో శాసనం.

అందువల్ల ఏం జరిగేదంటే, అయ్యన్న అనే మంచి పనిమంతుడు అంగడికి వచ్చి మూడో పట్టకారును తీసి, రెండుసార్లు నొక్కి, మొహం వెలిగిపోతూ "బలే ఉండాదే సావుకారూ" అనేవాడు. విఠల్ కాగితం చింపి పొట్లం కట్టబోయేవాడు. అప్పుడు అయ్యన్న అడిగేవాడు.

"ఉచ్చీరప్పన్న ఏమన్నాడు?"

"ఆయన ఇంకా చూస్తాండాడు."

"ఓహో. అయితే నేనూ చూస్తా" అని పట్టకారు తగిలించి, రెండు శీలలు కొనుక్కుని పోయేవాడు. అయ్యన్నే కాదు, ఆలూరు రోడ్డు వడ్లవాళ్ళు, హాలహర్వి నుంచి బండి చక్రాల పని మీద వచ్చినవాళ్ళు, చిప్పగిరి వాళ్ళు అందరూ అదే పాట. పట్టకార్లను దుమ్ము దులిపి దులిపి విఠల్ చెయ్యి వాటిమీద ఉన్న అక్షరాలను అరగదీసింది.

కొత్త రకమైనా ఉచ్చీరప్పకు నచ్చుతుందేమోనని విఠల్ మద్రాసు నుంచి ఒకటి, హైదరాబాదు నుంచి రెండు తెప్పించాడు. మరో ఐదు ఎక్కడెక్కడివో పోగుచేశాడు. గోడ మీద రకాలు పదకొండయ్యాయి. ఉచ్చీరప్పకు వ్రతం చేసే సమయం పెరిగింది, అంతే. ఒకదానికి నడుం బిగువు లేదన్నాడు. ఒకదానికి ఎడంపక్క పళ్ళంటే పక్షపాతం అన్నాడు. మద్రాసుదాన్ని చేత్తో కూడా ముట్టకుండా, "ఇది అబద్ధాలాడే మొగం" అన్నాడు.

ఇక గురువారం ఆయనకు ఇంకో పని. ఆదోని వడ్లవాళ్ళ రంపాలన్నీ పోగుచేసి, గోనెపట్టాలో చుట్టి, భుజాన వేసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కేవాడు. సాయంత్రానికి వంచడం అయినన్ని రంపాలతో తిరిగి వచ్చి, మిగిలినవి తర్వాతి వారం తెచ్చేవాడు. ఎవరూ అడగకుండానే ఈ మోత ఆయనే నెత్తిన వేసుకున్నాడు. కొత్త కండక్టరు వచ్చినప్పుడల్లా ఒకసారి రభస జరిగేది.

"ఏం పెద్దాయనా, ఇన్ని రంపాలు యాడికి?"

"పండ్ల డాక్టరమ్మ దగ్గరికి. నీవి గూడా కదుల్తాంటే చెప్పు, తీస్కపోతా."

1979లో కంపెనీ వాళ్ళకే విసుగు పుట్టి, విజయవాడ నుంచి ఒక మనిషిని పంపించారు. టై కట్టుకుని, చేతిపెట్టె పట్టుకుని వచ్చాడు. అంగడి ముందు బల్ల వేశారు. ఊళ్ళో వడ్లవాళ్ళంతా మూగారు. కంపెనీ మనిషి రంపాన్ని బల్లకు బిగించి, పట్టకారుతో టకటకా నొక్కుకుంటూ పోయి, రెండు నిమిషాల్లో పళ్ళన్నీ వంచేశాడు. దాంతో ఒక తుమ్మ మొద్దును గీత మీద చక్కగా కోసి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. విఠల్ కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనయింది.

"చూశారు కదండీ! బలం అక్కర్లేదు, అనుభవం అక్కర్లేదు. చిన్నపిల్లాడైనా చేసెయ్యొచ్చండీ" అన్నాడు కంపెనీ మనిషి.

చప్పట్లు ఆగాయి. అన్ని తలలూ ఉచ్చీరప్ప వైపు తిరిగాయి. ఆయన ముందుకు వచ్చి రంపాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

"ఎవురైనా చెయ్యొచ్చునా?" అని అడిగాడు.

"ఎవరైనానండీ!"

"అదే దీంట్లో ఉండే దోషం" అని రంపం కింద పెట్టి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాటలో ఏదో పెద్ద మర్మం ఉందని వడ్లవాళ్ళంతా తలలాడించారు. అయ్యన్న అయితే "ఎంత లోతైన మాట!" అని రెండుసార్లు అన్నాడు. అర్థం చెప్పమంటే మాత్రం చెప్పలేకపోయాడు. పది నిమిషాల్లో బల్ల దగ్గర కంపెనీ మనిషి, విఠల్ ఇద్దరే మిగిలారు.

"ఆయన ఏం చేస్తుంటారండీ?" అన్నాడు కంపెనీ మనిషి నీరసంగా.

"పట్టకార్లు చూస్తాంటాడు."

"అది కాదండీ, వృత్తి."

"అదే" అన్నాడు విఠల్.

1983లో కంపెనీ నుంచి చివరి ఉత్తరం వచ్చింది. ఈ ఏడాది లోపల కనీసం ఒక డజను పట్టకార్లు అమ్మకపోతే ఏజెన్సీ ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. విఠల్ ఆ ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు గానీ అన్నం దిగలేదు. పదేళ్ళుగా తండ్రికి చెప్పుకున్న గొప్పంతా ఆ డజను పట్టకార్ల మీద నిలబడి ఉంది. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆదోనిలో ఉచ్చీరప్ప మాటే శాసనం కావచ్చు. కానీ పళ్ళు వంచడంలో ఉచ్చీరప్ప కంటే పెద్ద చెయ్యి ఒకటుంది. సువార్తమ్మ గనక ఇది మంచిదని ఒక్క మాట అంటే, ఉచ్చీరప్ప ఇక నోరెత్తలేడు. ఇంత తేలిక మార్గం పదేళ్ళుగా తట్టనందుకు తన్ను తానే తిట్టుకున్నాడు. మంగళవారం తెల్లారి పదకొండు రకాలనూ సంచిలో వేసుకుని, భార్య శాంతాబాయిని అంగట్లో కూర్చోబెట్టి, ఎమ్మిగనూరు బస్సెక్కాడు.

చర్చి వెనక సందులో మగ్గాల చప్పుడు మధ్య సన్నగా సుత్తి చప్పుడు వినిపించింది. దాన్ని పట్టుకుని పోతే ఇల్లు దొరికింది. ఒక గది, ముందు చిన్న పంచ. పంచ గోడకు రంపాలు వేలాడుతున్నాయి. ఒక్కొక్క రంపం పిడి మీద సుద్దతో పేరు రాసి ఉంది. గోవిందన్న, అయ్యన్న, రంగప్ప. సువార్తమ్మ కాళ్ళ మధ్య ఇనుప దిమ్మె పెట్టుకుని, కళ్ళజోడును దారంతో తల వెనక కట్టుకుని కూర్చుని ఉంది. తల ఎత్తకుండానే చెయ్యి ఊపింది.

"ఆ అరుగు మింద కూసో నాయనా. ఈ వరస ఐపోనీ."

వరస అయ్యాక రంపాన్ని తిప్పి పట్టుకుని, రెండు వరసల పళ్ళ మధ్య ఒక కుట్టుసూదిని పెట్టి, రంపాన్ని ఒక చివర కాస్త వాల్చింది. సూది ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఎక్కడా ఆగకుండా, పక్కకు పడకుండా జారుకుంటూ వచ్చింది. ఒక్క పన్ను వంపు తేడా ఉన్నా సూది మధ్యలో పడిపోతుందట. విఠల్ నోరు తెరుచుకుని చూశాడు. ఇనుము అమ్ముతూ ఇన్నేళ్ళు గడిపాడు గానీ ఇనుముతో ఇలాంటి పని జరుగుతుందని ఆయనకు తెలియదు.

తానెవరో చెప్పుకున్నాడు.

"ఓ, ఆ సావుకారువా! ఉచ్చీరప్ప నీ సంగతి చెప్తాంటాడు."

"ఏమని?"

"మంచోడే గానీ తొందర జాస్తి అని."

విఠల్ దాన్ని మింగి, సంచి విప్పి పదకొండు పట్టకార్లనూ ఆమె ముందు పరిచాడు. ఏది మంచిదో చెప్పమన్నాడు. సువార్తమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, ఒక పాత రంపం ముక్క తీసుకుని, ఒక్కొక్కదానితో రెండేసి పళ్ళు వంచి చూసింది. పక్కన పెట్టింది. మూడోదాని దగ్గర ఆగి, వరసంతా వంచింది. సూది పెట్టింది. సూది జారుకుంటూ వచ్చేసింది.

"ఇది మంచిది. నా సుత్తి కంటే మంచిది" అంది. గొంతులో ఏ బాధా లేదు, ఒకరి పనితనాన్ని ఇంకొకరు మెచ్చుకున్నట్టు అంది. "దీంతో చిన్నపిల్లోడైనా వంచొచ్చు."

విఠల్ పదేళ్ళ పీడ ఇంతటితో వదిలిందనుకుంటూ తల ఎత్తి, ఎదురుగా గోడ మీదున్న రంపాలను చూశాడు. అన్నీ ఆదోనివే. అన్నీ అయ్యన్నవీ గోవిందన్నవీ. ఈ పట్టకార్లు అమ్ముడైన మర్నాటినుంచి ఆ గోడ మీద ఒక్క రంపం కూడా ఉండదు. ఆ సంగతి ఆయనకు అప్పుడే, ఆ అరుగు మీదే తట్టింది. తాను ఎవరి దగ్గరికి వచ్చి ఏం అడుగుతున్నాడో తెలిసొచ్చింది.

"ఈ పని ఎప్పటినుంచి చేస్తున్నావమ్మా?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"మా ఆయన పోయినప్పటి నుంచి. డెబ్బై మూడు. ఆయన సుత్తే ఇది. ఆడదాని చేతికి రంపం ఇస్తే పని సాగదని ఒక్కడూ రాలే. చర్చోళ్ళు బియ్యం సంచి పంపిచ్చిరి, వాపసు పంపిచ్చినా. చేతులున్న మనిషికి సంచి ఏంటికి? అప్పుడొచ్చె ఉచ్చీరప్ప, భుజాన రంపం ఏస్కోని."

"డెబ్బై మూడులోనా?"

"ఆ. ఇదో, ఈ మూడోదాని మాదిరిదే ఒకటి తెచ్చినాడు. నా ముందరే నొక్కినాడు. ఎట్ల నొక్కినాడో ఏమో, మూడు పండ్లు పుటుక్కుమని ఇరగ్గొట్టె! నాకు నవ్వాగలే. ఆయప్ప మొగం చూడాల! 'అక్కా, నాకు ఇది పట్టేది రాదు. నాకే కాదు, ఆదోనిలో ఒక్కనికీ రాదు. బయటికి తెలిస్తే వడ్లోళ్ళ పరువు పోతాది. నువ్వే మమ్మల్ని కాపాడాల' అని చేతులు పట్టుకున్నాడు. పోనీలే పాపమని పదేండ్లుగా కాపాడ్తాండా."

ఉచ్చీరప్ప మూడోదాన్ని ఒక్కరోజుకని ఇంటికి పట్టుకుపోయిన సంగతి విఠల్‌కు గుర్తొచ్చింది. ఒక్క మేకునైనా వంకర కొట్టని ఆ చేతులు మూడు పళ్ళు విరగ్గొట్టాయంటే ఎంత కష్టపడి విరగ్గొట్టాయో! బియ్యం సంచిని తిప్పి పంపిన మనిషి, ఇదీ జాలే అనుకుని ఊరి రంపాలన్నిటినీ తిప్పి పంపకుండా ఉండడానికి, జిల్లాలో పేరున్న వడ్లాయన ఆమె ముందు చేతగానివాడై నిలబడ్డాడు. ఊరంతా తన్ను చూసి నవ్వినా పదేళ్ళు మంగళవారం మంగళవారం వచ్చి, నచ్చిన పట్టకారునే మళ్ళీ మళ్ళీ గోడకు తగిలించి పోయాడు. అలాంటి మనిషిని ఇన్నేళ్ళూ మనసులో తిట్టుకున్నందుకు విఠల్‌కు సిగ్గేసింది.

"ఈ మాట ఆయప్ప దగ్గర అనొద్దు సావుకారూ. మొగోడు, చిన్నబోతాడు."

"అననమ్మా."

"నువ్వు ఇవి అమ్ముకుంటే అమ్ముకో, నాదేం లేదు. చిన్నపిల్లోనికైనా వచ్చే పనిముట్టు. ఒక్క ఆదోని వడ్లోళ్ళకే రాదు. వాండ్లు కొని ఏం జేస్తారో పాపం" అని సువార్తమ్మ నిజంగానే దిగులు పడింది.

విఠల్ పదకొండు పట్టకార్లనూ సంచిలో వేసుకుని తిరుగు బస్సెక్కాడు. ఆదోనిలో దిగి అంగడి దగ్గరకు వచ్చేసరికి ఉచ్చీరప్ప మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పది గంటలకు వచ్చి, ఖాళీ గోడ చూసి, సావుకారు యాడికి పోయినాడని శాంతాబాయిని అడిగి, జవాబు విన్నప్పటినుంచీ అక్కడే కూర్చున్నాడట. అన్నానికి కూడా లేవలేదట. విఠల్ చేతిలో సంచి చూసి లేచి నిలబడ్డాడు.

"ఆయమ్మకు చూపించినావా సావుకారూ?"

"చూపించినా."

"ఏమన్నాది?"

"మూడోది మంచిదనింది."

ఉచ్చీరప్ప మళ్ళీ మెట్టు మీద కూలబడ్డాడు. దుంగను ఒక్క తట్టుతో తేల్చే మనిషి, ఏం మాట్లాడాలో తేల్చుకోలేక తువ్వాలు అంచును వేలికి చుట్టుకుంటూ ఉండిపోయాడు. చివరికి, "అయితే అమ్మేస్తావా?" అన్నాడు. పదేళ్ళలో ఆ గొంతులో బెదురు వినడం విఠల్‌కు అదే మొదటిసారి.

సువార్తమ్మకు ఇచ్చిన మాటను విఠల్ ఆదోని చేరేదాకా నిలబెట్టుకున్నాడు. అంతకంటే ఆయన వల్ల కాలేదు.

"అమ్మితే మాత్రం వాడేదెవరు? ఆదోని వడ్లోళ్ళల్లో ఒక్కనికీ పట్టకారు పట్టేది రాదంట గదప్పా!"

ఉచ్చీరప్ప కాసేపు ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఊగడం మొదలయింది. విఠల్ కూడా పక్కన మెట్టు మీద కూర్చుని నవ్వాడు. ఇద్దరు పెద్దమనుషులు అంగడి మెట్ల మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేలా ఏం నవ్వుకుంటున్నారో తెలియక, శాంతాబాయి లోపలికి పోయి ఇద్దరికీ చెరొక లోటా కాఫీ తెచ్చి పెట్టింది.

మర్నాడు విఠల్ కంపెనీకి ఉత్తరం రాశాడు. ఈ ప్రాంతపు తుమ్మకు మీ పట్టకార్లు సరిపడలేదు, సరుకు వాపసు పంపుతున్నాను, ఏజెన్సీ వదులుకుంటున్నాను అని రాశాడు. మిగతా ఎనిమిది రకాలనూ అటకెక్కించాడు. భీమరావు కళ్ళజోడు సవరించుకుని ఆ ఉత్తరం చదివి, "ఏమిరా, ఊరికి కొత్త పనిముట్లు తెస్తానంటివే?" అన్నాడు. "తెస్తా నాయనా, ఏం తొందర?" అన్నాడు విఠల్. ఎందుకు నవ్వుతున్నాడో తండ్రికి అర్థం కాలేదు.

అయ్యన్న శీలల కోసం వచ్చి ఖాళీ గోడ చూసి ఆశ్చర్యపోయాడు.

"ఉచ్చీరప్పన్న తేల్చినాడా?"

"తేల్చినాడు. ఏదీ కుదరలేదంట."

"నేననుకుంటానే ఉన్నా. దాన్ని నొక్కినప్పుడే నాకు అనుమానం వచ్చింది" అని అయ్యన్న గురువారం మూటకు తన రంపం ఇచ్చి పోయాడు.

ఆ గురువారం మూటలో ఇంకో రంపం కూడా ఉంది. విఠల్ తన అంగట్లోనే ఒక కొత్త రంపం తీసి, పిడి మీద సుద్దతో తన పేరు రాసి, ఉచ్చీరప్ప చేతికిచ్చాడు. విఠల్ జన్మలో అగ్గిపుల్ల తప్ప ఏ కట్టెనూ విరిచినవాడు కాదు. ఉచ్చీరప్ప దాన్నీ గోనెపట్టాలో చుట్టుకున్నాడు. రంపం చక్కగా వంగి వచ్చింది. తర్వాతి వారం విఠల్ మళ్ళీ అదే రంపం పంపాడు. ఆ తర్వాతి వారమూ పంపాడు.

నాలుగో గురువారం సాయంత్రం ఉచ్చీరప్ప మూట దించి, విఠల్ రంపాన్ని గల్లాపెట్టె మీద పెట్టాడు.

"సావుకారూ, ఆయమ్మ నిన్ను ఒక మాట అడగమన్నాది. 'పండ్లు ఒక్కటి గూడా అరగలేదే, సావుకారు దీంతో ఏం కోస్తాండాడు?' అంటాంది. ఏం చెప్పమంటావు?"

విఠల్ రంపాన్ని తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఒక కన్ను మూసుకుని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తీరిగ్గా చూశాడు.

"ఏం కొయ్యాల్నో ఇంగా తేల్చుకోలేదని చెప్పు" అన్నాడు.